కుడిచేతి దిక్కు ఆరడుగులు

మొన్న బుధవారం జనగామ డెస్కులో కూర్చుని, మానుకోట నుంచి వచ్చిన ఒక చిన్న వార్తను దిద్దుతున్నాను. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఎన్నికల కోడ్ వచ్చింది కాబట్టి లైసెన్సు ఆయుధాలున్న వాళ్లు వాటిని పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. ప్రతి ఎన్నికకూ వచ్చే వార్తే. దాంతో పాటు ఒక ఫొటో ఉంది. ఎనభై దాటిన పెద్దమనిషి, తెల్ల చొక్కా, చేతికర్ర, స్టేషన్ బల్ల మీద తన తుపాకీ పెడుతున్నాడు. కింద మా విలేకరి రాసిన వాక్యం: తన రివాల్వర్‌ను అప్పగిస్తున్న లైసెన్సుదారు.

ఫొటో పెద్దది చేసి చూశాను. బల్ల మీద ఉన్నది రివాల్వర్ కాదు. ఆ మాట కొట్టేసి పిస్టల్ అని రాశాను. ఆ తర్వాత కాసేపు వేరే వార్త తెరవలేకపోయాను. ఆ పిస్టల్ నాకు తెలుసు. ఆ పెద్దమనిషీ తెలుసు. ఆ ఒక్క మాట దిద్దడం నాకు నేర్పినాయన మూడు నెలల కింద భూపాలపల్లిలో చనిపోయాడు.

ఆయన పేరు రాయను. రాయొద్దన్నాడు. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడు కాదు, విప్పి బాగుచేసేవాడు. కేసముద్రం దగ్గరి ఒక తండా ఆయనది. పొట్టి మనిషి, వెడల్పు అరచేతులు, ఎంత కడిగినా గోళ్ల సందుల్లో పోని నల్లటి నూనె. కళ్లద్దాలు తుడుచుకోవడానికి జేబులో ఎప్పుడూ తుపాకీ గొట్టం తుడిచే గుడ్డముక్క ఉండేది. దాన్ని చిందీ అనేవాడు. రిటైరయ్యాక కూడా చిందీతోనే అద్దాలు, చిందీతోనే చాయ్ గ్లాసు అంచు.

ఆయన ఎవరికీ వేలు చూపించేవాడు కాదు. దారి చెప్పాలన్నా, మనిషిని చూపించాలన్నా అరచెయ్యి మొత్తం చాపేవాడు. ఒకసారి అడిగితే, "ఏలు సూపిచ్చుడంటే గురి వెట్టుడే. నలభై ఏండ్ల అలవాటు, గురి వెట్టిన్నంటే ఇగ ఊకె ఉండొద్దు" అన్నాడు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎక్కడికి పోయినా నిలబడిన చోటు నుంచి ఒకసారి కుడివైపు నేల చూసేవాడు. హోటల్లో, ప్లాట్‌ఫారం మీద, మా ఆఫీసు మెట్ల దగ్గర. చూసి, తల తిప్పుకునేవాడు.

ఆ చూపుకు కారణం ఆయన తమ్ముడు.

తమ్ముడు పత్తి రైతు. నేను మానుకోటలో కొత్తగా విలేకరినైన రోజుల్లో, పత్తి ట్రాక్టర్ తోలుకుని కేసముద్రం మార్కెట్‌కు వచ్చాడు. గేటు బయట పొడుగాటి వరుస. వెనక వచ్చిన పటేల్, తన ట్రాక్టర్‌ను ముందుకు పోనివ్వమన్నాడు. పటేల్ అంటే ఆ తండా పక్క ఊరి భూస్వామి, ఫొటోలో ఉన్న పెద్దమనిషే. అప్పుడు నడివయసు. తండా వాళ్లు సగం మంది ఆయన పొలాల్లో పనిచేసేవాళ్లు. "వరుసల రా పటేలా" అన్నాడట తమ్ముడు. మాట పెరిగింది. పటేల్ చొక్కా ఎత్తి నడుము దగ్గరి నుంచి తీశాడు. ఒకటే చప్పుడు. గుండు తమ్ముడి గొంతు కిందుగా దూసుకుపోయి ఎటో పోయింది. మళ్లీ దొరకలేదు.

వార్త నేనే రాశాను. రివాల్వర్‌తో కాల్పులు, రైతు మృతి. మా దిక్కున చేతిలో పట్టే ప్రతి తుపాకీ రివాల్వరే. నాకూ అంతే తెలుసు. ఆ మధ్యాహ్నం చూసిన వాళ్లతో పాటు నేనూ, కేసు రాసుకునే ఎస్సై గారూ ఒకే హోటల్లో చాయ్ తాగాం. ఆ మాట ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి పోయిందో ఇప్పుడు చెప్పలేను. అచ్చులోకి మాత్రం నా చేతి మీదుగానే పోయింది. తెల్లారి పేపర్ హోటళ్లలో గట్టిగా చదివి వినిపించారు. ఆ రోజు నుంచి చూసిన వాళ్లకూ అది రివాల్వరే అయింది.

కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఒక్క హమాలీ మిగిలాడు. పటేల్ వకీలు రెండు ఫొటోలు ముందు పెట్టి, ఏది చూశావని అడిగాడు. హమాలీ చక్రం ఉన్న దాని మీద వేలు పెట్టాడు. రివాల్వర్‌కు చక్రం ఉంటుందని ఎవరో ఆయనకు చెప్పారు. "మా క్లయింటుకు రివాల్వరే లేదు, లైసెన్సు చూడండి, ఉన్నది పిస్టల్" అన్నాడు వకీలు. నా వార్త ముక్కను కూడా జడ్జికి అందించాడు. కేసు కొట్టేశారు. పటేల్ తన తెల్ల చొక్కాతోనే ఇంటికి పోయాడు.

తీర్పు వచ్చిన వారంలోనే ఆర్మరర్ మొదటిసారి నా గదికి వచ్చాడు. చేతిలో నా వార్త ముక్క ఉంది.

"నువ్వేనా రాసింది?"

"నేనే అన్నా."

"నీ కండ్లతోని సూసినవా?"

"లేదు. అక్కడున్నోళ్లు చెప్పిండ్రు."

"రివాల్వర్ అంటే ఏంది పేపరాయనా?"

చిన్న తుపాకీ అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. నా బల్ల మీది పెన్సిల్ తీసుకుని, ఆ ముక్క అంచున రెండు బొమ్మలు గీశాడు. గీత వణకలేదు.

"గిది రివాల్వర్. చక్రం తిరుగుతది. కాల్చినంక ఖాళీ తొడుగు కడుపులనే దాసుకుంటది. గిది పిస్టల్. దీనికి చక్రం లేదు. కాల్చంగనే మీదిభాగం ఎనుకకు తంతది. తన్నుడు తన్నుడే ఖాళీ తొడుగును బైటికి ఇసిరేస్తది, కిందికెల్లి ఇంకో గుండు ఎక్కుతది. ఎటు ఇసురుతది? కుడిచేతి దిక్కు. ఎంత దూరం? ఆరడుగులు."

పెన్సిల్ బల్ల మీద పెట్టాడు.

"గా ఆరడుగుల కాడ నా తమ్ముని సాక్ష్యం పడి ఉండె. తొడుగు మీద సూది గుద్దిన గుర్తుంటది. పటేల్ పిస్టల్‌తోని కలిపి సూస్తే అయిపాయె. నువ్వు రివాల్వర్ అంటివి. రివాల్వర్ తొడుగులు ఇసరదని ఎస్సై కిందికి వంగి సూడకపాయె."

తమ్ముడు చనిపోయిన రోజు ఆయన భూపాలపల్లి అవతల పోలీసుల అడవి క్యాంపులో ఉన్నాడు. కబురు అంది, సెలవు దొరికి, కేసముద్రం చేరేసరికి మూడో రోజు. తమ్ముడు పడిన చోటు అడిగి తెలుసుకుని, పటేల్ నిలబడిన చోట తను నిలబడి, కుడివైపు ఆరడుగులు వేశాడు. అక్కడ నేలంతా ఊడ్చి ఉంది. ఆ రోజు అక్కడ ఒలికిన పత్తి కుప్పను ఎత్తి జిన్నింగ్ మిల్లు లారీలో వేశారని చెప్పారు. మిల్లుకూ పోయాడు. అక్కడ పత్తి కొండలా ఉంది.

తప్పయింది అన్నా, అన్నాను.

"అయింది" అన్నాడు. "మాఫ్ మాత్రం లేదు."

పాతికేళ్లకు పైగా ఆ మాట మార్చలేదు. నేను జనగామ డెస్కుకు మారాక, మా పేపర్లో ఎక్కడ పిస్టల్‌ను రివాల్వర్ అని రాసినా కేసముద్రంలో రైలెక్కి వచ్చేవాడు. పేపర్ మడత విప్పి, ఎర్ర పెన్సిల్‌తో గీసిన మాట మీద అరచెయ్యి పెట్టేవాడు. "మీరు రాసేటోళ్లు. ఇనుమును గిట్ల తిప్పి రాస్తే మనిషిని ఎట్ల రాస్తరు?" అనేవాడు. చాయ్ తెప్పిస్తే తాగేవాడు. ఊళ్లో పరిచయమున్న వాళ్లంతా మేం స్నేహితులమనుకునేవారు. మేం స్నేహితులం కాదు. ఆయన నా మీద పగ తీర్చుకోవడానికి వచ్చేవాడు, నేను కాదనకుండా కూర్చునేవాణ్ని.

విచిత్రం ఏమిటంటే, ఆ రకం పిస్టల్ అంటే ఆయనకు ప్రాణం. ఐరోపాలో ఒక చిన్న దేశం తన పోలీసుల కోసం చేయించుకున్న నమూనా అది. కొన్నేళ్లు చేసి, సరిదిద్ది, మళ్లీ కొన్నేళ్లు చేసి ఆపేశారు. తర్వాత ఆ దేశమే రెండు ముక్కలైంది. మన దగ్గర దిగుమతులు ఆగకముందు ఓడల్లో కొన్ని వచ్చి, డబ్బున్న ఇళ్లలో చేరాయి. గొట్టం కదలదు, స్ప్రింగు గొట్టం చుట్టూనే ఉంటుంది, పైభాగం విప్పడానికి చిన్న పిడి ఒక్కటి చాలు గానీ, లోపలి సూది దాకా పోవాలంటే పని తెలిసిన చెయ్యి కావాలి. ఆయన ఇవన్నీ చెబుతుంటే, ఎవరో మంచి కుమ్మరి చేతి పని గురించి వింటున్నట్టుండేది. అందులో ఆయనకు అన్నిటికన్నా నచ్చినది పక్కనుండే ఒక పిన్ను. లోపల గుండు ఎక్కి ఉంటే ఆ పిన్ను కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. చూడనక్కర లేదు, బొటనవేలికి తగులుతుంది. "ఎంత తెలివి సూడు. నిండినదా లేదా అని మనిషికి ఏలుతోనే చెప్తది" అనేవాడు.

"ఇగ గది తయారైతలేదు. స్పేర్ దొరకది. ఈ మూడు జిల్లాలల్ల దాన్ని విప్పెటోన్ని నేనొక్కన్నే." ఇది చాలాసార్లు అన్నాడు. గొప్ప చెప్పుకుంటున్నాడని అనుకునేవాణ్ని. అసలు సంగతి రిటైరైన ఏడాది జనగామ రైల్వే స్టేషన్ బెంచీ మీద చెప్పాడు.

కేసు కొట్టేసిన కొన్నేళ్లకు ఒక ఎన్నిక వచ్చింది. లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్‌కు చేరాయి. వాటిని చూసి, నూనె పెట్టి, సరిగా ఉన్నాయని రాయడానికి ఈయన్ను మానుకోటకు పంపారు. పటేల్ స్వయంగా వచ్చి పిస్టల్ బల్ల మీద పెట్టాడు. మీదిభాగం బిగుసుకుపోయిందట.

"ఏయ్, జర మంచిగ నూనె వెట్టు అన్నడు. నా మొఖం సూడలే. సూస్తే తమ్ముని మొఖమే గద నాది. కోర్టుల ఆయన ఎనుకనే కూసున్న, అప్పుడు గూడ సూడలే. తండా మనుషులకు మొఖాలుంటయని ఆయనకు ఎరుక లేదు."

ఎన్నిక ముగిసేదాకా పిస్టల్ ఈయన చేతిలో ఉంది. బిగుసుకున్నది వదులు చేశాడు. బాగా నూనె పెట్టాడు. ఆపైన, గుండును గుద్దే సూదిని తీసి దాన్ని దేనికీ పనికిరాకుండా చేసి, మళ్లీ ఎక్కడిదక్కడ బిగించాడు.

"ఆ పని చేస్తుంటే నా చెయ్యి నొచ్చింది. మంచి సామాను చెడగొట్టుడు మాకు పాపం. గని చేసిన."

"పక్కన పిన్ను?"

"గది ముట్టలే. నిండిందని ఏలికి తెలుస్తనే ఉండాలె. ఆయనకు ధైర్యం గావాలె గద."

మరి పటేల్ కాల్చి చూసుకోడా అని అడిగాను. కేసు తర్వాత ఆయన ట్రిగ్గర్ నొక్కలేదని, కాల్చిన ప్రతి గుండుకూ జవాబు చెప్పాలని భయమని అన్నాడు. "ఆయనకు కాల్చుడు పని లేదు. సూపిచ్చుడే పని. నొక్కిన్నాడు తెలుస్తది. నొక్కేదాక తెల్వది."

అంతటితో ఆయన పగ తీరిందనుకున్నాను. తీరలేదు. "మా తండల పంచాయితీ ఉన్నప్పుడు ఒకసారి రా, సూపిస్త" అన్నాడు. పోయాను.

తండా మధ్య రేకుల షెడ్డు కింద పంచాయితీ. రోడ్డు పక్కన రెండెకరాల మీద పటేల్ కన్ను పడింది. భూమి ఒక ముసలమ్మది. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఉక్కపోస్తుందంటూ చొక్కా ఎత్తి పిస్టల్ తీసి, బల్ల మీద పెట్టాడు. పెట్టేముందు బొటనవేలితో పక్కన తడిమాడు. పిన్ను తగిలి ఉంటుంది, ముఖం కుదుటపడింది. వెనకటి రోజుల్లో ఆయన ఇలా పెట్టగానే జనం లేచి నిలబడేవాళ్లని, మాట ముగిసేలోపు వేలిముద్రలు పడేవని విన్నాను. ఆ రోజు ఎవరూ లేవలేదు.

ముసలమ్మ చాయ్ గ్లాసులు పట్టుకొచ్చింది. పెద్దామె కాబట్టి ఆర్మరర్ ఆమెను యాడీ అని పిలిచేవాడు. వాళ్ల లంబాడీ భాషలో అమ్మ అని.

"పటేలా, చాయ్ వెట్టాలె. గది జర పక్కకు తియ్" అంది.

పటేల్ ఆమె వైపు చూశాడు. ఆమె కొంగుతో ఆ పిస్టల్‌ను, బల్ల మీది దుమ్మును తుడిచినట్టే, ఇంత పక్కకు జరిపి గ్లాసు పెట్టింది. పెడుతూ తమ భాషలో ఏదో అంది. షెడ్డు కింద ఉన్న అరవై మంది ఒక్కసారి నవ్వారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏందే నవ్వుతున్రు?" అన్నాడు పటేల్.

"ఏం లేదు పటేలా. చాయ్ సల్లారుతుందన్న."

ఆయన గ్లాసు ముట్టలేదు. భూమి మాట ఎత్తాడు. "ఇయ్య" అంది ఆమె. అంతే, ఇంకో మాట లేదు. పటేల్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. అరవై జతల కళ్లు ఆ చేతిని చూశాయి. వాటిలో భయం లేదు, ఆత్రం ఉంది. ఎత్తితే బాగుండునన్నట్టు చూశాయి. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. ఏం జరుగుతున్నదో అర్థం కాని మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చాలా దగ్గరగా చూశాను. పిస్టల్ నడుముకు చెక్కుకుని వెళ్లిపోయాడు.

ఆర్మరర్ షెడ్డు చివర గుంజకు ఆనుకుని, చిందీతో అద్దాలు తుడుచుకుంటున్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాను, ముసలమ్మ ఏమన్నదని.

"ముసలోడు పండ్లు లేని పామును పట్టుకొచ్చిండు, దానికి గింత పాలు వొయ్యిండ్రి అన్నది."

"అందరికీ తెలుసా?"

"ఇంటింటికి నేనే చెప్పిన. ఒట్టు వెట్టిచ్చుకున్న. మా భాషలనే చెప్పిన. నలభై ఏండ్లు మాతోని పని చేపిచ్చుకున్నడు పటేల్. మా భాష ఒక్క ముక్క నేర్సుకోలే. ఇప్పుడు ఆయన ముంగట్నే మాట్లాడుకుంటం."

ఆ రెండెకరాలు ముసలమ్మ దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత ఎవరూ పటేల్ కుర్చీ ముందు చెప్పులు విడవలేదని, సర్పంచ్ ఎన్నికలో ఆయన నిలబెట్టిన మనిషి ఓడిపోయాడని విన్నాను. ఒక పెళ్లిలో కలిసినప్పుడు పటేల్ నాతోనే అన్నాడు, "జనానికి భయం పోయింది సార్, కాలం చెడ్డది" అని. నేను అవునన్నాను. అలా అబద్ధం ఆడడం నాకు బాగానే అనిపించింది.

ఇక ఆర్మరర్‌కు ఒకటే బెంగ మిగిలింది. పటేల్ తనకన్నా ముందు చచ్చిపోతాడేమోనని. ఫోన్ చేసినప్పుడల్లా పటేల్ ఆరోగ్యం అడిగేవాడు. షుగర్ ఉందట, మందులు సరిగా వేసుకుంటున్నాడా అని. సొంత బంధువు కూడా అంత కనుక్కోడు. ఒకసారి సంతోషంగా ఫోన్ చేశాడు.

"పటేల్‌కు కంటి ఆపరేషన్ అయిందట. మంచిగ కనవడుతుందట."

"అయితే ఏందన్నా?"

"పేపర్ సదువాలె గద."

అప్పుడు అర్థమైంది ఆయన నన్ను ఇన్నేళ్లు ఎందుకు వదల్లేదో.

చివరిసారి భూపాలపల్లి దవాఖానలో చూశాను. అల్లుడు బొగ్గుగనిలో పనిచేస్తాడు, బిడ్డ దగ్గరే ఉంటున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన బల్ల మీద కళ్లద్దాలు, వాటి కింద మడిచిన చిందీ. నేను లోపలికి వచ్చి నిలబడగానే, పడుకునే నా కుడివైపు నేల చూశాడు.

"ఇన్నేండ్లు ఎందుకు రాయలే తెలుసా?" అన్నాడు.

"నువ్వు వద్దన్నవ్."

"నేనుండంగ రాస్తే నన్ను లోపలేస్తరు. బిడ్డ ఆగమైతది. సచ్చినంక రాయి. ఒకటి యాద్ పెట్టుకో. మంచోడు, సల్లని మనసు, అందర్నీ మాఫ్ చేసిండు అని రాయకు. మీ పేపరోళ్లు సచ్చినోన్ని గట్లనే రాస్తరు. నేను ఎవ్వన్ని మాఫ్ చెయ్యలే. ఆయన్ని చెయ్యలే, నిన్ను చెయ్యలే."

"సరే అన్నా."

"పిస్టల్ అని రాయి."

అని, దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీశాడు. అరచెయ్యి కాదు. చూపుడువేలు ఒక్కటే, నా ఛాతీకి తిన్నగా. వేలు వణకలేదు. నేను సరే అనేదాకా దించలేదు.

బుధవారం ఫొటో చూశాక తండాకు ఫోన్ చేసి ముసలమ్మను అడిగాను. రాస్తే మీకేమైనా ఇబ్బందా అని. "ఇరవై ఏండ్ల సంది నవ్వు ఆపుకుంటున్నం బిడ్డా" అంది. "రాయి. ఇగ బైటికే నవ్వుతం."

అందుకే రాశాను. ఆయన మంచివాడని రాయలేదు. ఈ ఆదివారం ఈ పేజీ కేసముద్రం దగ్గరి ఆ పెద్ద ఇంటికి కూడా పోతుంది. మా పేపర్ వాళ్లకు పాత చందాదారు. చదివాక ఆయన చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. ఓట్ల లెక్కింపు పూర్తయ్యేదాకా ఆ పిస్టల్ స్టేషన్లోనే ఉంటుంది. విప్పి చూసుకుందామంటే చేతిలో లేదు. చేతికొచ్చాక విప్పుదామన్నా, దాన్ని విప్పడం తెలిసినాయన లేడు.

మా విలేకరిని ఫోన్లో అడిగాను, స్టేషన్లో సంతకం పెట్టేటప్పుడు ఆ పెద్దమనిషి అద్దాలు పెట్టుకున్నాడా అని. లేదు సార్, అద్దాల్లేకుండానే కాగితమంతా పైనుంచి కిందిదాకా చదివి పెట్టాడు, అన్నాడు.